బావమరిది తాడు

"ఈ పొద్దు వద్దు బావా," అన్నాడు కుప్పయ్య. భుజం మీది తాడు చుట్ట ఇంకా దించలేదు.

"ఈ పొద్దే దిగాల," అన్నాడు గురప్ప. "రేపటికి ఎగిరిపోతాయి. సూడు, అంచుకొచ్చి రెక్కలాడిస్తా ఉండాయి."

నగరికొండ ముక్కు కింద నిట్టనిలువు బండ. దాని నడుమ జానెడు అరుగు మీద బైరిడేగ గూడు. గూడంటే పుల్లా పుడకా ఏమీ లేవు, ఉత్త రాయి మీదే గుడ్లు పెట్టింది. రెండు నెలలుగా గురప్ప ఎదురుగుట్ట మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. ఆడది పొదగడం, మగది పావురాన్ని ఆకాశంలోనే తన్ని తెచ్చి ఇవ్వడం, తెల్లటి నూగుతో మూడు పిల్లలు బయటపడడం, తల్లి మాంసం చీల్చి ఒక్కోదాని నోటికీ అందించడం, అన్నీ చూశాడు. సరదా పుట్టి కాదు.

రేణిగుంటలో దిగిన పట్టాళం దొరకి వేటడేగల పిచ్చి. రెండు పిల్లల్ని తెస్తే డబ్బా నిండా కొయినా మాత్రలు ఇస్తానన్నాడు. జపానువాడు జావాను పట్టుకున్నప్పటి నుంచి చలిజ్వరానికి కొయినా పుత్తూరులో లేదు, తిరుపతిలో లేదు, ఏడుకొండలవాడికి మొక్కినా దొరకలేదు. గురప్ప ఇంట్లో పెళ్ళాం అలివేలుకీ చలిజ్వరమే, ఏడాది నిండని బిడ్డకీ చలిజ్వరమే. దొరకేం తొందర? పిల్లలకి ఈకలు నిండాకే తెమ్మన్నాడు, ముందు తెస్తే చస్తాయట. పగలంతా పిట్టపిల్లల ఈకలు చూడడం, పొద్దుగూకాక అలివేలు పక్కటెముకలు చూడడం. పగవాడికి కూడా వద్దు ఆ బతుకు.

ఇక దిగడమంటే మాటలు కాదు. ఆ కొండల్లో తేనె కొట్టేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. బండ దిగేవాడి తాడు పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ములు పనికిరారు, వాళ్ళకి వాటాల గొడవలుంటాయి. అక్క తాళి తెగుతుందన్న భయం ఉన్న చెయ్యి ఒక్కటే జారదని నమ్మకం. ఆ అక్కే లేకపోతే బావమరిది ఆ తాడు ముట్టుకోడు. ఎవరూ అడగరు కూడా.

"అక్కకు ఎట్లుండాది?" తాడు వంక చూస్తూ అడిగాడు కుప్పయ్య.

"జ్వరం వదిలినాది. నిద్రపోతా ఉండాది. లేపొద్దని పక్కింటి అవ్వకు చెప్పొచ్చినా."

"బిడ్డకు?"

"కాలిపోతా ఉండాది. ఈ పొద్దు కొయినా పడకపోతే..."

కుప్పయ్య బావ ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తాడు దించి, చెట్టు మొదలుకి ఒక మెలిక వేసి, తన నడుముకి బిగించుకున్నాడు.

"దిగు," అన్నాడు.

గురప్ప బుట్ట వీపుకి కట్టుకుని దిగాడు. సగం దూరం పోయాడో లేదో తల్లిడేగ చూసింది. కీచుమంటూ పైకి లేచి, రెక్కలు ముడుచుకుని రాయి పడ్డట్టు వచ్చి నెత్తి మీద తన్నింది. రక్తం కంట్లోకి కారింది. రెండోసారి చెవి చీలింది. గురప్ప చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"కొట్టు తల్లీ," అన్నాడు ఏడుస్తూ. "బాగా కొట్టు. నేను మనిషిని కాదు."

అరుగు మీద కాలు ఆనించగానే తాడు వణికింది. ఆగి, మళ్ళీ వణికింది. పదేళ్ళుగా ఆ తాడు ఒక్కనాడూ వణకలేదు.

"ఏమప్పా, తాడు అదురుతా ఉండాదే," అని పైకి కేకవేశాడు.

"గాలి బావా. నువ్వు కానీ."

గాలి ఆకు కదిలేంత కూడా లేదు. కానీ గురప్పకి పట్టుకోవడానికి అదొక్క తాడే ఉంది. రెండు పిల్లల్ని గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టాడు. మూడోది మూలకి నక్కి నోరు తెరిచి చూస్తోంది.

"ఒకదాన్ని నీకు వదిలినా," అన్నాడు తల్లికి. అది మళ్ళీ వచ్చి తన్నింది.

పైకి లాగడం మాత్రం ఎక్కడా ఆగలేదు. మూరకి మూర, మూరకి మూర. గట్టు మీద పడ్డాక గురప్ప లేవలేకపోయాడు. బుట్టలో పిల్లలు కీచుమంటున్నాయి. కింద నుంచి తల్లి అరుపు వినబడుతూనే ఉంది. కుప్పయ్య అరచేతుల్లో తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది.

ఆ చేతులు చూశాక దాచడం గురప్ప వల్ల కాలేదు. వాటిని పట్టుకుని భోరుమన్నాడు.

"నన్ను ఈ కొండ మింద నుంచి తోసెయ్యి కుప్పయ్యా. మీ అక్క తెల్లారేలోపలే పోయినాది. చెప్తే నువ్వు తాడు పట్టవు, కొయినా రాదు, బిడ్డ కూడా దక్కదు. దుప్పటి కప్పేసి వచ్చినా."

కుప్పయ్య చేతులు విడిపించుకుని తాడు చుట్టడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు.

"మీ ఇంటి మిందుగానే వచ్చినా బావా," అన్నాడు. "పాల కోసరం అక్క రొమ్ము తడుముకుంటా ఉండిన బిడ్డను నేనే ఎత్తి అవ్వ చేతికిచ్చినా."