మెత్తని గొంతు

"జర మెల్లగ అడుగన్నా. పిల్ల బుగులుపడ్తది" అంది సారక్క, వరండాలో బెంచీ అంచున కూర్చుని.

"నువ్వు ఫికర్ జెయ్యకు. నేనున్న గదా" అన్నాడు శ్యాంసుందర్. ఆమె తొమ్మిదేళ్ల కూతురు ఇందుజను వెంటబెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు.

ఆ గదికి ఒక గోడంతా అద్దమే. అద్దానికి ఇవతల, లోపలివాళ్లకు కనబడకుండా, లైట్లు ఆర్పిన గదిలో ఏడుగురు శిక్షణార్థులు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. పిల్లల మీద జరిగే లైంగిక దోపిడీని ఎలా పసిగట్టాలి, తెలిశాక ఏం చేయాలి అని సూరత్‌లోని ఆ ఆఫీసులో ఐదు రోజులుగా పాఠాలు వింటున్నవాళ్లు. చివరి రోజు కాబట్టి, తల్లి అనుమతి తీసుకుని, నిజమైన విచారణ చూపిస్తున్నారు. పాఠం చెప్పే జాగృతిబెన్‌కు ఈ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం. తాను కూడా పొరబడవచ్చునన్న సంగతి ఆవిడ ఎప్పుడో మరచిపోయింది.

"తల్లితో, మేనమామ మల్లేష్‌తో కలిసి పాప కోసాడ్ క్వార్టర్లలో ఒకే గదిలో ఉంటోంది" అని చెప్పుకొచ్చిందావిడ. "తెలంగాణ నుంచి వచ్చి మూడు నెలలు. తల్లికీ పిల్లకీ తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. పిల్ల అన్నం మానేసింది. పక్క తడుపుతోంది. అది గమనించి మనకు ఫోన్ చేసిందెవరో తెలుసా? ఈ శ్యాంసుందర్‌భాయే."

కోసాడ్ తెలుగువాళ్లకు రేషన్ కార్డు కావాలన్నా, ఆసుపత్రిలో డాక్టరుకు నొప్పి చెప్పుకోవాలన్నా శ్యాంసుందరే దిక్కు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయనకు ఊరు కాని ఊరు కూడా మంచిదే అయింది. తెలుగు పిల్లల కేసు ఏదొచ్చినా దుబాసీగా ఆయనకే కబురు పెట్టడం ఆఫీసు వాళ్లకు అలవాటు. వాళ్ల జాబితాలో తెలుగుకు ఎదురుగా ఉన్నది ఆయన పేరొక్కటే.

లోపల కౌన్సిలర్ హేతల్ హిందీలో అడగడం స్పీకర్‌లో వినిపించింది. "నిన్ను ఎవరైనా ఇబ్బంది పెట్టారా?"

శ్యాంసుందర్ కుర్చీ దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పాప ముఖంలోకి చూస్తూ, మెత్తగా, చాలాసేపు తెలుగులో మాట్లాడాడు.

"చూశారా? కుర్చీలోంచి అడగలేదు, పాప ఎత్తుకు దిగాడు. ఆ గొంతు వినండి. రాసుకోండి" అంది జాగృతిబెన్.

ముందు వరుసలోని కుర్రాడికి సందేహం వచ్చింది. "మేడం, ఆవిడ అడిగింది నాలుగు మాటలే. ఈయన అంతసేపు ఏం చెప్తున్నాడు?"

"పిల్లను బుజ్జగించాలి కదా నాయనా. కోర్టు నోటీసు చదివినట్టు అడిగితే చెప్తుందా?"

అందరూ నవ్వారు. కుర్రాడు తల దించుకుని రాసుకున్నాడు.

ఇందుజ గౌను అంచు నలుపుతూ "మామ" అంది. హిందీలోనూ గుజరాతీలోనూ మామ అంటే మామే. దానికి దుబాసీతో పని లేకపోయింది.

"ఏ మామ?" అంది హేతల్. శ్యాంసుందర్ మళ్లీ మెత్తగా ఏదో అన్నాడు. పాప ఒళ్లంతా వణికింది.

"మల్లేష్ మామ."

"ఆ వణుకు చూశారా? మీరు పట్టుకోవలసిన గుర్తు అదే" అంది జాగృతిబెన్. సొంత మేనమామ. శ్యాంసుందర్ చెప్పిన అనుమానం మీద పొద్దున్నే పోలీసులు మగ్గం దగ్గర్నుంచి పట్టుకెళ్తుంటే తనకేమీ తెలియదని భోరున ఏడ్చాడట. ఏడవనీ, అనుకుంది కసిగా.

ఇక మిగిలింది ఒక కాగితం. కేసు తేలేదాకా పిల్లను ఎక్కడ ఉంచాలి? మల్లేష్ రేపు బెయిలు మీద వస్తే మళ్లీ ఆ గదికే వస్తాడు. అందుకే తల్లినీ పిల్లనూ తన ఇంట్లో పెట్టుకుంటానని శ్యాంసుందర్ ముందే రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. సొంతవాళ్లే ఇలా తగలబడితే, పరాయివాడికి ఎంత మనసు. జాగృతిబెన్ కళ్లు తుడుచుకుని, దాని కింద తన సంతకం పెట్టడానికి పెన్ను మూత తీసింది.

అప్పుడు తలుపు తోసుకుని శ్రీప్రియ వచ్చింది. శిక్షణలో ఎనిమిదో మనిషి. ఉధ్నా రైల్వే క్వార్టర్ల నుంచి రావాలి, ఒక్కరోజూ టైముకు వచ్చిన పాపాన పోలేదు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, గుజరాతీ గలగలా మాట్లాడుతుంది. ఇంట్లో ఏ భాషో ఎవరూ అడగలేదు.

"సారీ మేడం, బస్సు..."

"ష్. నిలబడి విను."

లోపల హేతల్ చివరి ప్రశ్న అడిగింది. "ఇంకెవరైనా ఉన్నారా?"

శ్యాంసుందర్ చిరునవ్వుతో పాప వైపు వంగి ఒక్క ముక్క చెప్పాడు. ఇంతసేపటిలో అంత మెత్తగా మాట్లాడలేదు. ఇందుజ తల అడ్డంగా ఊపింది.

"ఇంకెవరూ లేరంటోంది" అన్నాడు హిందీలో.

జాగృతిబెన్ వెనక్కి తిరిగి చూసేసరికి శ్రీప్రియ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మొదటిసారి అందరికీ ఇలాగే ఉంటుందమ్మా" అంది ఆవిడ జాలిగా, కాగితం దగ్గరకు లాక్కుంటూ. "ఆలస్యంగా వచ్చినా అసలైనది విన్నావు. ఆ గొంతులో నీకేం వినబడిందో వీళ్లకు చెప్పు."

శ్రీప్రియ ఆవిడ చేతిలోంచి పెన్ను లాగేసుకుంది.

"‘నా పేరు చెప్తే మీ అమ్మను సంపుత’ అంటున్నాడు మేడం."