రాతి మీది పాట

"నవ్వమన్నాను గానీ, పంటినొప్పి వచ్చినట్టు మొహం పెట్టమనలేదు," అన్నాడు చిత్రకారుడు ఆంబ్రోస్, కుంచె ఆపి.

"మూడు గంటలు చెక్కపెట్టె మీద కూర్చోబెడితే ఆ లోరెలై అయినా ఇలాగే నవ్వుతుందండీ," అంది బొమ్మకు మోడల్‌గా కూర్చున్న టాబిథా.

లోరెలై అంటే రైన్ నది ఒడ్డున రాతి మీద కూర్చుని, పాటతో పడవవాళ్లను మాయచేసి ముంచే జర్మన్ కథల కన్య. ఆంబ్రోస్ గీస్తున్న ఆ కన్య నూనెరంగుల బొమ్మ మర్నాడే లండన్ ప్రదర్శనకు వెళ్లాలి. మొహం మాత్రం ఇంకా కుదరలేదు.

"పోనీ, పాడు. నవ్వు అదే వస్తుంది."

టాబిథా గొంతెత్తింది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

ఆంబ్రోస్ పడీపడీ నవ్వాడు. "తల్లీ, నీ పాట వింటే ఏ పడవైనా వెనక్కి తిరిగి పారిపోతుంది!"

"అందుకే కదండీ పాడేది! మా కార్న్‌వాల్ సముద్రతీరంలో పొగమంచు కమ్మితే మా అమ్మ రాళ్ల మీదికెక్కి ఇలాగే గొంతు చించుకునేది. ఇక్కడ రాళ్లున్నాయి, ఇటు రావద్దని. ఆ గొంతు వినే మా నాన్న పడవ రెండుసార్లు తప్పుకుంది."

ఆంబ్రోస్ నవ్వు ఆగిపోయింది. బొమ్మ వైపు తిరిగి చాలాసేపు చూశాడు. తర్వాత కత్తి తీసి, మూడు వారాలుగా దిద్దిన ఆ కవ్వింపు నవ్వును గీకేశాడు.

"అయ్యో! రేపు పంపాలి కదండీ?"

"ఈ ఏడాదికి పంపను. మీ అమ్మ చేతులు ఎలా ఊపేదో చూపించు."

టాబిథా కుడిచెయ్యి పైకెత్తింది.

"మరి రెండోది?"

"రెండో చేత్తో నన్ను పట్టుకునేదండీ, జారిపోకుండా."