రోజుకో పేజీ

"ఇక్కడ సంతకం పెట్టు పున్నమ్మా," అంటూ జ్యోతిర్మయి టీచర్ కాగితం చాపింది.

పున్నమ్మ చేతిలో ఉన్న మిరపకాయ తొడిమ తుంచి, కాయను ఒక పక్కకీ తొడిమను ఇంకో పక్కకీ వేసింది. "ఏం రాశారమ్మా దీంట్లో?"

"మీ అమ్మాయి స్తుతి సెలవుల్లో ఏమీ చదవలేదని. బడి తెరిచాక శ్రీహరికోట వెళ్ళే బస్సులో ఎక్కించుకోకపోయినా మీకేమీ అభ్యంతరం లేదని."

తల్లి పక్కన కూర్చుని తొడిమలు తీస్తున్న స్తుతి చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల. రాకెట్ పైకి లేవడం కళ్ళారా చూడాలని దాని ఆశ. ఆ సంగతి మిరపకాయల షెడ్డులో కూలికి కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. రోజుకు రెండుసార్లయినా అది వాళ్ళకు చెబుతుంది మరి.

ఆరో తరగతి పాసైన పిల్లలు సెలవుల్లో లెక్కలు మరిచిపోకూడదని ఈ వేసవికి టీచర్ ఒక పథకం పెట్టింది. అందరికీ తలా ఒక లెక్కల పుస్తకం ఇచ్చింది. రోజుకో పేజీ లెక్కలు నోటుబుక్కులో చేసి, ఫొటో తీసి సాయంత్రంలోగా ఆమె ఫోనుకు పంపాలి. పంపినవాళ్ళకే బస్సులో సీటు. మోసాలు జరక్కుండా ఇంకో షరతు కూడా పెట్టింది. ఒక ఫోన్ నుంచి ఒక్కరి ఫొటోనే రావాలి.

తరగతిలో ముప్పై రెండు మంది. నెల రోజులుగా ముప్పై ఒక్క ఫొటోలు క్రమం తప్పకుండా వస్తున్నాయి. టీచర్ కూడా అంతే క్రమం తప్పకుండా అన్నిటికీ బొటనవేలు బొమ్మ పెడుతోంది. రానిది స్తుతిది ఒక్కటే.

"రోజూ రాసిందమ్మా," అంది పున్నమ్మ. "మధ్యాన్నం అన్నం తిన్నాక ఆ మూల కూర్చుని రాసిద్ది. నా కళ్ళతో చూస్తానే ఉన్నా."

"రాస్తే ఫొటో ఎందుకు రాలేదు?"

"నాది బటన్ల ఫోనమ్మా. దాంట్లో ఫొటోలు రావు."

"పక్కింటివాళ్ళ ఫోన్లోంచి పంపొచ్చుగా?"

"ఒక ఫోన్లోంచి ఒకళ్ళదే అన్నారు గదా టీచర్," అంది స్తుతి. "అందరి ఫోన్లల్లోనూ వాళ్ళ పిల్లలున్నారండి."

తను పెట్టిన షరతును తనకే అప్పజెప్పడం టీచర్‌కు నచ్చలేదు.

"సరే, నోటుబుక్కు చూపించు."

"ఇక్కడ లేదండి."

"ఇంట్లో ఉందా?"

"లేదండి."

"మరెక్కడుంది?"

స్తుతి తల్లి వైపు చూసింది. తల్లి మిరపకాయల వైపు చూసింది.

"ఊళ్ళోనే ఉందండి," అంది స్తుతి చివరికి.

"ఊళ్ళో ఉందట! షికారుకెళ్ళిందా?" అంది జ్యోతిర్మయి, షెడ్డులో అందరికీ వినపడేలా. ఎవరూ నవ్వలేదు. ఆమె ఫోన్ తీసి ఒక ఫొటో తెరిచి స్తుతి మొహం ముందు పెట్టింది. "ఇది చూడు. మీ క్లాసు చైతన్యకృష్ణ నిన్న పంపింది. అంకమ్మరావు గారబ్బాయి. ఎంత శుభ్రంగా చేశాడో చూశావా? పిల్లలంటే అలా ఉండాలి."

స్తుతి ఫోన్ ముట్టుకోలేదు. చేతులకు కారం ఉంటుందని వెనక్కి కట్టుకుని, ముందుకు వంగి చూసింది.

"ఏడో లెక్క తప్పండి. పదమూడు ఏడులు తొంభై ఒకటి. ఎనభై ఒకటని పడింది."

టీచర్ ఫొటోను పెద్దది చేసి చూసింది. తప్పే. దానికి నిన్న బొటనవేలుతో పాటు చప్పట్ల బొమ్మ కూడా పెట్టింది.

"ఇంకొకళ్ళ తప్పులు వెతకడం కాదు," అంది ఫోన్ సంచిలో పడేస్తూ. "లెక్క వచ్చినంత మాత్రాన సరిపోదు స్తుతీ. ఫొటో రావాలి."

స్తుతికి ఏడుపొచ్చింది. మిరపకాయల షెడ్డులో ఏడవడానికి ఒక సౌకర్యం ఉంది, ఎందుకని ఎవరూ అడగరు. చూస్తున్న ఆడవాళ్ళలో ఇద్దరు ఏదో చెప్పబోయి, పున్నమ్మ మొహం చూసి ఊరుకున్నారు.

ఈలోగా ఘాటు టీచర్ ముక్కుకెక్కింది. ఒక తుమ్ము తుమ్మింది. తర్వాత వరసగా ఆరు తుమ్మింది. పున్నమ్మకు జాలేసి ఉతికిన తువ్వాలు ఒకటి ఇచ్చింది. టీచర్ దాన్ని మిగతా ఆడవాళ్ళలాగే తలకూ ముక్కుకూ చుట్టేసి, కళ్ళు మాత్రం బయట పెట్టి, వాళ్ళ వరసలోనే ఒక గోతం మీద కూలబడింది.

"తొందరగా పెట్టు పున్నమ్మా. నాకు ఊపిరాడటం లేదు."

"అమ్మా, వద్దే," అంది స్తుతి.

"మాటిచ్చాం గదే," అంది పున్నమ్మ మెల్లగా. కాగితం మోకాలి మీద పెట్టుకుని, పెన్ను తీసుకుని, పేరులో మొదటి అక్షరం రాసింది.

బయట మోటారుసైకిల్ ఆగింది. చైతన్యకృష్ణ తండ్రి అంకమ్మరావు ఒక నోటుబుక్కు పట్టుకుని హడావుడిగా లోపలికొచ్చాడు. ముసుగులు కట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ వైపు ఆయన చూడను కూడా చూడలేదు. నేరుగా స్తుతి దగ్గరికెళ్ళి నోటుబుక్కు దాని ఒళ్ళో పెట్టాడు.

"నిన్న ఫొటో తీసుకుని నీ పుస్తకం నా బండి సంచిలోనే మర్చిపోయానే స్తుతీ, గబగబా ఇయ్యాల్టి పేజీ రాసియ్యమ్మా, అవతల ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం, లేటయితే ఆ టీచరమ్మ మా పిల్లల పేర్లు కొట్టేసిద్ది!"