వాలిన గీత

ఊరవతలి షెడ్డు నుంచి నాన్న రేడియోలో పంపే సంకేతం చెవికి అందనంత సన్నగా, నత్తనడకన వచ్చేది. ఇంట్లో కంప్యూటరే దాన్ని పట్టి తెర మీద పొట్టి, పొడుగు గీతలుగా చూపేది; ఆ గీతల్ని కలిపి చదివితే అక్షరాలు. ఒక్క అక్షరం పూర్తయ్యేలోపు టీ చల్లారిపోయేది. షెడ్డులోని రేడియో సెట్టు వేడెక్కేకొద్దీ నాన్న గీత కాస్త కిందికి వాలేది.

ఆయన పోయాక కూడా ఆ వాలు గీత వస్తూనే ఉంది. అమ్మ రోజూ దాని ముందే కూర్చుంటోంది. సెట్టు తమ్ముడు తీసుకెళ్లాడు. అమ్మ కోసం వాడే పంపుతున్నాడనుకుని, ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

నిన్న సాయంత్రం అమ్మే అంది. "మీ ఇద్దరిలో ఎవరో నా కోసం పంపుతున్నారని నాకు తెలుసమ్మా. ఇక చాలు. ఆయన్ని పోనివ్వండి."

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఇక ఆపెయ్యరా, అమ్మ కనిపెట్టేసింది."

"నేనేం ఆపాలి? ఆ సెట్టు ఎప్పుడో విప్పేసి అట్టపెట్టెలో పడేశాను. నువ్వే పంపుతున్నావనుకున్నానక్కా."

అమ్మ నా మొహంలోకి చూసింది. "ఏమన్నాడు?"

"ఆపేస్తాడటమ్మా."

అమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కంప్యూటర్ వైపు తిరిగింది. తెర మీద కొత్త గీత ఒకటి మొదలై, మెల్లగా కిందికి వాలుతోంది.