కొలంబో వెళ్లొచ్చిన ఫ్లాపీ

"దేశం దాటొచ్చిన ఫ్లాపీకి వైరస్ అంటకుండ ఉంటదా మేడం? మొత్తం తుడిచేస్తేనే నా కంప్యూటర్ల పెట్టనిస్త," అంటూ చేయి చాచాడు నల్లగొండలో కంప్యూటర్ సెంటర్ నడిపే యాదగిరి.

విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు లాడ్లీ బేగం ఫ్లాపీని వదలలేదు. మర్రిగూడ బావుల నీటిపై ఆమె ఏళ్ల తరబడి చేసిన పరిశోధనకు అదొక్కటే ప్రతి.

"తుడవద్దు. వైరస్ ఒక్కటే తియ్యి."

"గీ వయసుల మీకు గివన్నీ ఎందుకు? కొలంబో సదస్సుకు పోయి రోగం తగిలించుకొచ్చిన్రు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు అంటిస్తరా?"

కంప్యూటర్ల ముందున్న పిల్లలు నవ్వారు. ఆమె వాళ్లవైపు చూడలేదు.

"కొలంబోల దీన్ని సదస్సు కంప్యూటర్లకు రానియ్యలేదు యాదగిరీ. ముందే పరీక్ష మిషన్ల చూసి, వైరస్ ఉందని నా చేతికే తిరిగిచ్చిన్రు. నేను కాగితం లేకుండనే నిలబడి మాట్లాడి వచ్చిన. కొత్త ఫ్లాపీ కొని దీంట్ల టైపు చేయించింది నీ దగ్గరనే. వేరే చోట ఎక్కడా పెట్టలేదు."

యాదగిరి చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. అతని వెనక పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు, తమ ఫ్లాపీలను బయటికి తీసుకోసాగారు.