రుచి చెప్పు బిడ్డా

డబ్బాలోని బీరకాయ కూర కుక్కకు వెయ్యబోతుంటే వెనుక నుంచి ఎవరో బొంగురు గొంతుతో అడిగారు.

"ఉప్పు సరిపోయిందా?"

మొగిలి ఉలిక్కిపడి తిరిగాడు. గ్రౌండు చివర సిమెంటు బెంచీ మీద ఒక ముసలాయన. వదులు కమీజు, భుజాన తువ్వాల. ఎన్నడూ చూసిన మొహం కాదు.

"ఏమో కాకా, నేను తినలే."

"తినకుంట కుక్కకేస్తే రుచి అదొచ్చి చెప్తదా? ఒక్క చెంచ తిను. తిని చెప్పు."

భలే మనిషి! పరిచయం లేదు, పాడు లేదు. కూరలో ఉప్పు సంగతి కావాలట.

మొగిలి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. ఏడాదిగా ఏం తిన్నా కడుపు డోలులా ఉబ్బేది. చిన్నపేగులో సూక్ష్మజీవులు పెరగకూడనంత పెరిగాయని కరీంనగర్ డాక్టరు తేల్చి, రెండు వారాలు మందులు మింగించాడు. రోగం తగ్గింది. తినాలంటే భయమే తగ్గలేదు.

"ఇగ పేగుకు మెల్లగ తిండి అలవాటు చెయ్యాలె," అన్నాడు డాక్టరు. "ఒక్కొక్కటి, కొంచెం కొంచెం. మూడు దినాలు చూసినంకనే ఇంకోటి. నెలన్నరల బరువు పెరిగితేనే డ్యూటీకి ఫిట్ అని రాస్త."

ఇంట్లో ముద్ద ఎత్తితే చాలు, భార్య మమత ఊపిరి బిగబట్టి అతని మొహమే చూసేది. ఆ చూపుకే సగం ఆకలి చచ్చేది. అందుకే వాకింగ్ పేరు చెప్పి డబ్బా పట్టుకొచ్చి కుక్కల పాలు చేస్తున్నాడు.

ముసలాయన పోరు పడలేక ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"ఎట్లున్నది?"

"ఉన్నది."

"ఉన్నదంటే? తియ్యగనా, చప్పగనా? కాయ లేతదేనా?"

చెప్పాలంటే ఇంకో చెంచా తినాల్సి వచ్చింది.

ఆయన పేరు చాంద్ పాషా. ఒకప్పుడు బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. తన గురించి అంతకు మించి చెప్పడు. అడగడమే ఆయన పని.

"పెసరకట్టు పలుచగున్నదా?"

"పలుచగనే ఉన్నది."

"చల్ల ఎన్నడు తోడువెట్టింది? పులుపు ముందుగాల తగిలిందా, మింగినంకనా?"

అడుగుతూ మాటిమాటికీ తువ్వాలతో మూతి తుడుచుకునేవాడు. నోరూరుతున్నట్టుంది, ఎంత ఆశపోతు ముసలోడో అని మొగిలి లోలోపల నవ్వుకునేవాడు.

కానీ ఆయన అడుగుతాడని ప్రతి ముద్దా నాలుక మీద నిలిపి తినసాగాడు. అట్లా తింటుంటే కడుపు సంగతి గుర్తే ఉండేది కాదు. మూడు వారాలయ్యేసరికి కుక్క వేరే చోటు చూసుకుంది.

ఒకరోజు మొగిలి డబ్బా ఆయన ముందుకు జరిపాడు. బాయి మీద పద్ధతి అది. ఎవరి సద్ది వాళ్లొక్కరే తినరు. పక్కవాడి ముందుకు జరుపుతారు, పక్కవాడు కాదనడు.

"వద్దు బిడ్డా."

"రోజా ఉపాసమున్నవా కాకా?"

"గట్లనే అనుకో."

మర్నాడూ అదే మాట. మూడో రోజూ అదే మాట. మొగిలికి ఒళ్లు మండింది.

"ఇన్ని దినాలు రోజానా? నా రోగం అంటుకుంటదని భయం, గదే గదా! సద్ది కాదన్నోనివి రుచులెందుకు అడుగుతవ్? ఇగ నన్నేం అడగకు."

 చాంద్ పాషా తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని మెల్లగా లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మొగిలి ఆ గ్రౌండుకే పోలేదు. ఇంట్లోనే తింటూ, అలవాటు కొద్దీ మమతకు రుచులు చెప్పసాగాడు. "పులుపు మింగినంక తగులుతున్నది" అంటే ఆమె పడీపడీ నవ్వేది. నెలన్నరకు మూడు కిలోలు పెరిగాడు. డాక్టరు ఫిట్ అని రాసిచ్చాడు.

ఆ కాయితం చేతిలో పడగానే మొగిలికి ముసలాయనే యాదికొచ్చాడు, చచ్చేంత సిగ్గేసింది. ఆయన అడగకపోతే ఈ కాయితం ఎక్కడిది!

మమతతో జొన్నరొట్టె చేయించాడు. చాయ్ హోటలాయన్ని అడిగి ఇల్లు పట్టుకున్నాడు. ముసలామె తలుపు తీసింది. చాంద్ పాషా భార్య హబీబున్నీసా.

"కాక ఉన్నడా అవ్వా?"

"పోయి పది దినాలైంది బిడ్డా. నువ్వెవలు?"

మొగిలి చేతిలో డబ్బా బరువెక్కింది.

"మొగిలిని. గ్రౌండుల..."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వేనా! ఇంటికి రాంగనే నీ ముచ్చటే. 'ఇయ్యాల బీరకాయ తిన్నం, మస్తు లేతగున్నది. ఇయ్యాల చల్ల తాగినం, జర పుల్లగైంది' అనేటోడు. పోయేముందు దినం గూడ, పోరడు ఏం తిన్నడో అని నన్నడిగె."

"తిన్నం అన్నడా? నేను పెడితే ఒక్కనాడు ముట్టలేదవ్వా."

 హబీబున్నీసా కిటికీలో కడిగి బోర్లించిన పెద్ద ప్లాస్టిక్ సిరంజి వైపు చూసింది.

"'నా సంగతి చెప్తే పోరడు తిండికి ఇంకింత జడుస్తడు' అని ఆయన నీకు చెప్పలే," అంది. "గొంతుల గడ్డ లేసి ఆరేండ్లాయె బిడ్డా, ఆయన తిండంత కడుపుకేసిన గొట్టంలనే నేను పోసిన, రుచి మాత్రం నువ్వే తినిపించినవ్."