జవాబొచ్చిన చీటీ

"లేవమ్మా సిల్వియా, పాస్టరుగారు నిన్నే పిలుస్తున్నారు," అంటూ సత్యవతి కూతుర్ని మోచేత్తో పొడిచింది.

సిల్వియా చాప మీంచి లేవబోయింది. కుడి మోకాలు కలుక్కుమంది. గోడ పట్టుకుని నిలబడింది. ఐదేళ్లుగా కైకలూరు నుంచి ఏలూరుకి మొదటి బస్సు ఎక్కి, ఎండెక్కకముందే కాలేజీ గ్రౌండులో దిగిన అలసటంతా ఆ ఆదివారం ఒక్కసారే ఒంటి మీదకి వచ్చినట్టుంది.

"బీఈడీ కౌన్సెలింగు నిన్నటితో అయిపోయిందమ్మా," అంది మెల్లగా.

"పోతే పోనీ. ఇంక దాంతో పనేముంది? నడు."

ఎలీషా పాస్టరుగారు గొంతు పెంచారు. "మన సిల్వియా ఇన్నాళ్లూ కాలేజీకి ఫుట్‌బాల్ ఆడింది. ఇప్పుడు కేరళలో ఒక పెద్ద క్లబ్బువాళ్లు జీతమిచ్చి ఆడించుకుంటామన్నారు. రెండేళ్ల కాంట్రాక్టు!"

చప్పట్లు మోగాయి.

"ఆడపిల్ల నిక్కరేసుకుని బంతి తన్నడమేంటే అన్నది ఎవరు సత్యవతీ?" అంది వెనక నుంచి మంగాయమ్మ.

"నువ్వే అక్కా!"

మందిరమంతా నవ్వింది. సత్యవతి కూడా నవ్వి, కళ్లు తుడుచుకుంది. "ట్రయల్స్ అయిన దగ్గర్నుంచి మూడు నెలలు శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్నానండి. షెడ్డులో రొయ్యలు ఒలుస్తూనే ప్రార్థన చేసుకున్నానండి."

ఐసులో నాని నాని ఆవిడ వేళ్లు అరిగిపోయాయి. రేషన్ మిషను కూడా ఆ వేలిముద్రల్ని పట్టుకోవడం మానేసింది.

ఆ మందిరంలో ఒక పద్ధతి ఉంది. అక్కర ఉన్నవాళ్లు చీటీ రాసి, మడిచి, పైన పేరు వేసి పెట్టెలో వేస్తారు. పాస్టరుగారు విప్పరు. జవాబొచ్చాక ఎవరి చీటీ వాళ్లే అందరి ముందూ చదవాలి.

"ఇదిగో తల్లీ, ట్రయల్స్ మర్నాడు నువ్వేసిన చీటీ," అన్నారాయన.

"వచ్చేవారం చదువుతానండి."

"వచ్చేవారానికి నువ్విక్కడెక్కడుంటావు?"

"చదవ్వే," అంది సత్యవతి. "మందు సీసా అయినా, కాంట్రాక్టు అయినా నువ్వు చదివితేనే కదా నాకు తెలిసేది. ఇదీ వినిపించు."

సిల్వియా మడత విప్పింది. సత్యవతి రెండో అంచు పట్టుకుని, తనకి రాని అక్షరాల మీద వేలు ఆనించింది.

సిల్వియా కాగితాన్ని చూసింది. ఆ వేలినీ చూసింది.

"ప్రభువా..." అని మొదలుపెట్టింది. "వాళ్లు నన్ను తీసుకునేలా చెయ్యి. మా అమ్మ కష్టం వృథా పోనివ్వకు."

"ఆమేన్!" అన్నారందరూ.

సత్యవతి ఆ చీటీని కళ్లకద్దుకుంది. "దీన్ని ఫ్రేము కట్టించి గోడకి పెడతానమ్మా. నువ్వు లేనప్పుడు చూసుకుంటాను."

"వద్దమ్మా. నీ బైబిల్లోనే ఉండనీ."

"అలాగేలే," అంటూ సత్యవతి దాన్ని జాగ్రత్తగా మడిచి, తాను చదవలేకపోయినా రోజూ తలగడ కింద పెట్టుకునే బైబిల్లో దాచింది.

చీటీలో ఉన్నది ఒక్కటే వాక్యం: 'ప్రభువా, వాళ్లు నన్ను వద్దనాలి.'